ఎస్పెరాంటో 'మానో', టాగలోగ్ 'మానో' ఒకటేనా?

కావాలని తయారుచేసిన అంతర్జాతీయ భాష ఎస్పెరాంటోలోనూ, ఫిలిప్పీన్స్ భాష టాగలోగ్‌లోనూ 'మానో' ఉంది కదా, రెండూ ఒకటేనా, మన 'మనోధైర్యం'లోని మనోకి వీటితో చుట్టరికం ఉందా అని అడిగారు. మన 'మనో' సంస్కృత 'మనస్' నుంచి వచ్చింది, దానికీ వీటికీ సంబంధం లేదు. ఆ రెండూ మాత్రం ఒక తల్లి బిడ్డలే. చేతిని లాటిన్‌లో 'మానుస్' అంటారు, అక్కడినుంచి వచ్చినవే.

ఎస్పెరాంటో సంగతి తేలిక. ఈ భాషను సృష్టించి, 1887లో వార్సాలో దాని తొలి పుస్తకాన్ని అచ్చు వేయించిన జామెన్‌హోఫ్, చాలా మాటల్ని లాటిన్ కుటుంబం నుంచే తీసుకున్నాడు. 'మాన్' ధాతువు, చివరి 'ఓ' నామవాచకానికి గుర్తు. చేతులు 'మానోయ్'. 'లిబ్రో' అంటే పుస్తకం కాబట్టి కరదీపిక 'మాన్‌లిబ్రో'. అర్థం చేతిని దాటి ఎక్కడికీ పోదు.

టాగలోగ్‌లో అసలు కథ ఉంది. మనీలాలో మెడిసిన్ చదివేటప్పుడు మా ఇంటి ఓనర్ మనవలు స్కూల్ నుంచి రాగానే "మానో పో" అంటూ నానమ్మ చేతిని అందుకుని, చేతి వెనక వైపు నుదుటికి ఆనించుకునేవారు. 'పో' మన 'అండీ' లాంటిది. దేవుడు నిన్ను కరుణించుగాక అని ఆవిడ దీవించేది. ఎంత ఆటలో ఉన్నా పిల్లలు దీన్ని మరిచేవారు కాదు, నాకు అది చాలా నచ్చేది.

లాటిన్ నుంచి పుట్టిన స్పానిష్‌లో చేతిని 'మానో' అంటారు. 1565 నుంచి 1898 దాకా సాగిన స్పానిష్ పాలనలో ఈ మాట ఫిలిప్పీన్స్‌కు చేరింది. కానీ చేతికి వాళ్లకు 'కమాయ్' అనే సొంత మాట అప్పటికే ఉంది, ఇప్పటికీ అదే వాడతారు. అందుకే 'మానో' చేతికి కాకుండా, చేత్తో చేసే ఆ నమస్కారానికి పేరైంది. స్పెయిన్ ఏలని మలేషియాలో, జావాలో కూడా పిల్లలు పెద్దల చేతిని ఇలాగే ముఖానికి ఆనించుకుంటారు. కాబట్టి స్పానిష్ వాళ్లు ఇచ్చింది పేరే గానీ అలవాటు కాదని నా నమ్మకం.

'మానో మానో' అని రెండుసార్లు అంటే మాత్రం ముఖాముఖి కొట్లాట, లేదా మెషీన్ లేకుండా చేత్తో చేసే పని.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఫిలిపినో ఇంటికి వెళ్లినప్పుడు పిల్లలెవరైనా "మానో పో" అంటే, షేక్‌హ్యాండ్ ఇవ్వకండి. చేతిని వదులుగా, వెనక వైపు పైకి ఉండేలా చాపండి, మిగతాది వాళ్లే చూసుకుంటారు.