ఈవెంట్ లూప్ సర్వర్‌లో సిద్ధమైన సాకెట్‌ను (చదవడానికి డేటా వచ్చిన కనెక్షన్‌ను) ఖాళీ అయ్యేదాకా చదవాలా?

అక్కర్లేదు, ఒక్కో వంతులో పరిమితి మేరకే చదివి, ఇంకా డేటా మిగిలి ఉన్నా తర్వాతి సాకెట్‌కు వెళ్లాలి. కనెక్షన్లన్నింటినీ ఒకే థ్రెడ్ చూస్తుంది కాబట్టి, మనం చదివే వేగానికి తగ్గకుండా పంపే క్లయింట్ ఒక్కటి ఉన్నా దాని బఫర్ ఖాళీ కాదు, ‘ఈఎగైన్’ (EAGAIN, ప్రస్తుతానికి చదవడానికి ఏమీ లేదనే సంకేతం) రాదు, మిగతావన్నీ ఎదురుచూస్తూ ఉండిపోతాయి. ఉదాహరణకు, భారీ ఫైలును అప్‌లోడ్ చేసే క్లయింటుకు వంతుకు 64 కిలోబైట్ల హద్దు పెడితే, అదే సమయంలో వచ్చిన చిన్న అభ్యర్థన ఆ ఫైలు ముగిసేదాకా ఆగనక్కర్లేదు.

ఏ సాకెట్లు సిద్ధంగా ఉన్నాయో చెప్పే లినక్స్ ఈపోల్‌ను (epoll) ఎడ్జ్ ట్రిగర్డ్ పద్ధతిలో, అంటే కొత్త డేటా వచ్చినప్పుడు మాత్రమే కబురు చెప్పేలా వాడితే అక్కడికక్కడే ఖాళీ చేసి తీరాలన్నది చాలామందిలో ఉన్న అపోహ. నిజానికి ఈఎగైన్ వచ్చేదాకా ఆ సాకెట్‌ను మన సొంత జాబితాలో ఉంచుకొని వంతులవారీగా చదవవచ్చు. జాబితాలో ఏదైనా ఉన్నంతవరకు ఈపోల్ వెయిట్‌కు (సిద్ధమైన సాకెట్ల కోసం ఎదురుచూసే కాల్) నిరీక్షణ సమయం సున్నా ఇవ్వాలి, లేకపోతే చదవాల్సిన డేటా ఉండగానే థ్రెడ్ ఆగిపోవచ్చు (మరిచిపోయేది ఇదే). లెవెల్ ట్రిగర్డ్‌లో ఈ జాబితా అవసరమే లేదు, మిగిలిన డేటా సంగతి కెర్నెలే మళ్లీ చెబుతుంది.