రీఫ్ ట్యాంకులో (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) నాచు పోవట్లేదా? ముందు ఆర్‌ఓ నీళ్లు కొలవండి

నీళ్లు మార్చిన వారానికే రాళ్ల మీద గోధుమరంగు నాచు మళ్లీ కమ్ముతోందంటే, అనుమానించాల్సింది మీ ఇంటి ఆర్‌ఓ నీళ్లనే.

తాగునీటి ఆర్‌ఓలు చాలావాటిలో రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) వాల్వ్ ఉంటుంది. అది మెంబ్రేన్ (వడపోత పొర) దాటని నీళ్లను కొంత తిరిగి కలుపుతుంది. హైదరాబాద్ బోరు నీళ్లయితే సిలికేట్, నైట్రేట్ అలాగే ట్యాంకులోకి వస్తాయి. ఎక్కువమంది చూడనిది ఈ వాల్వే.

1. టీడీఎస్ మీటరు పెట్టండి. 0 రావాలి.
2. వాల్వ్‌కీ, మినరల్ కార్ట్రిడ్జ్‌కీ ముందే, మెంబ్రేన్ నుంచి నేరుగా పైపు తీసి డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గుండా పంపండి. మొదటి 5 నిమిషాల నీళ్లు పారబోయండి, వాటిలో టీడీఎస్ ఎక్కువ. ఆ తర్వాత కూడా రెజిన్ దాటి వచ్చే నీళ్లలో టీడీఎస్ 0 దాటితే రెజిన్ మార్చాలి.
3. ఆవిరైన మేరకు ఈ మంచినీళ్లే పోయండి, ఉప్పు కలపొద్దు. మన ఎండలకు రోజూ చూసుకోవాలి. ట్యాంకులోని ఉప్పునీటి సాంద్రత 1.025 దగ్గర ఉండాలి.
4. వారానికి 10 శాతం నీళ్లు మార్చండి.