కూర ఏమిటని అడుగు

చిరంజీవి లావణ్యకు,

బ్యాంకు పరీక్షలు మానేసి కౌన్సెలింగ్ చదువుతానన్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మండిపడుతున్నాడు. నేను ఆసుపత్రి ఉద్యోగంలో చేరినప్పుడూ వాడు ఇంతే. నేను మాత్రం సంతోషించాను, ఆ రాత్రి నిద్రపోలేదు కూడా.

దూరవిద్యలో కట్టేద్దామనుకుంటున్నావట. బుద్ధుందా? 2025 ప్రవేశాల నుంచి యూజీసీ సైకాలజీని దూరవిద్యలో ఆపించింది. ఆంధ్ర, ఉస్మానియా విశ్వవిద్యాలయాలలో రెగ్యులర్ కోర్సుంది, దరఖాస్తు చెయ్యి. పీజీ కాగానే బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్టు అని రాయించుకోకు. దానికి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన శిక్షణ, రిజిస్ట్రేషను వేరే ఉన్నాయి. కేసులు ఎవరి పర్యవేక్షణలో చూడనిస్తారో చేరకముందే అడుగు.

మా ఆసుపత్రిలో నాకంటే సీనియరు ఒకావిడ ఉండేది. ఆవిడ ఎదురుగా కూర్చుంటే ఎంత బిగుసుకున్నవాళ్లయినా నోరు విప్పేవాళ్లు. డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె నిద్ర పట్టడం లేదని వచ్చేది. మేనబావతో పెళ్లి ఇష్టం లేదు, ఇంట్లో చెప్పలేదు. తల్లి బయట బెంచీ మీద కూర్చునేది. ఒకరోజు ఆ తల్లి ఏడుస్తుంటే ఈవిడ కరిగిపోయి, “పెళ్లి మాట కొన్నాళ్లు ఆపండమ్మా” అంది. అంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. తల్లికి అంతా అర్థమైపోయింది. పిల్ల మళ్లీ రాలేదు. చెడ్డ మనసుతో అన్న మాటయితే నేను ఇంతగా భయపడను. నీదీ అదే మెత్తదనం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కు చేసింది. ప్రాణాపాయముంటే చెప్పవచ్చు, అదీ అవసరమైనంతే. ఈ హద్దును వచ్చినవాళ్లకు మొదటిరోజే చెప్పు.

చట్టం సరే, మన ఇంటి సంగతి? “ఫలానావాళ్ల కోడలు నీ దగ్గరకు వస్తోందటగా” అని ముందు అడిగేది మీ అమ్మే. వచ్చిందనీ అనకు, రాలేదనీ అనకు. ఇవాళ కూర ఏమిటని అడుగు. చుట్టాలకు నువ్వు కౌన్సెలింగ్ చెయ్యకు, ఇంకొకరి దగ్గరకు పంపు. సొంత ఫోను నంబరు ఎవరికీ ఇవ్వకు; రాత్రివేళ అవసరం పడేవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీమానస్ నంబరు 14416 ఇవ్వు, తెలుగులోనే మాట్లాడతారు. కుక్కపిల్ల చచ్చిపోతే అన్నం ముట్టనిదానివి, వేళకు తిను తల్లీ.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. మొదటి ఏడాది ఫీజు నేను కడతాను, వద్దనకు. నీ పెళ్లికి గొలుసు చేయిద్దామని దాచిన డబ్బు అది. గొలుసు సంగతి తరువాత చూద్దాం.

మీ అత్తయ్య