రేడియో పత్రికల పాస్ కోసం కార్డు అప్పా?

ప్రశ్న: మాది రావులపాలెం. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. జీతం రూ.40,000, మే నెలకు ఇవ్వరు. లంకలో ఎకరం కొబ్బరి తోట ఉంది. ఇంటి ఖర్చు నెలకు రూ.32,000, బ్యాంకులో ఉన్నది రూ.11,000. పాత వాల్వు రేడియోలు బాగుచేయడం నా సరదా. నిరుడు మూడు సెట్లు పలికించాను. ఒక విదేశీ రేడియో పత్రిక తన పాత వ్యాసాలను ఆన్‌లైన్‌లో పెట్టింది. వ్యాసం 4 డాలర్లు, ఏడాది పాస్ 80, జీవితకాల పాస్ 600. ఈ ధర న్యాయమేనా? క్రెడిట్ కార్డుతో జీవితకాల పాస్ కొని, మినిమం డ్యూ (బిల్లులో కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రం కడుతూ నెమ్మదిగా తీర్చుదామని ఉంది. కుదరకపోతే మా ఆవిడ గాజులపై గోల్డ్ లోన్ తీసుకుంటాను.

జవాబు: ముందు ధర సంగతి. పాత సంచికలను స్కాన్ చేయడానికి, వెతికితే దొరికేలా సూచిక తయారు చేయడానికి, సర్వరు నడపడానికి ఖర్చవుతుంది కాబట్టి రుసుము అడగడంలో తప్పు లేదు. అయితే సూచికను, మొదటి పేజీని ఉచితంగా చూపించకుండా, సర్క్యూట్ బొమ్మలో రెసిస్టర్ విలువలు కంటికి ఆనుతున్నాయో లేదో తెలియనీయకుండా 4 డాలర్లు అడిగితే అది న్యాయమైన ధర కాదు. మీ అవసరం సెట్టుకు మూడు వ్యాసాలనుకున్నా ఏడాదికి తొమ్మిది, అంటే 36 డాలర్లు. ఏడాది పాస్ గిట్టుబాటు కావాలంటే ఇరవై వ్యాసాలు చదవాలి. జీవితకాల పాస్ ఖరీదు ఏడున్నరేళ్ల చందాతో సమానం, పైగా ఆ జీవితకాలం మీది కాదు, ఆ సైటుది. పత్రిక చేతులు మారితే పాస్ చెల్లుతుందా, వ్యాసాన్ని పీడీఎఫ్‌గా దించుకోనిస్తారా అన్నది నిబంధనల్లో చదవండి. కొనేముందు ఇంటర్నెట్ ఆర్కైవ్, వరల్డ్ రేడియో హిస్టరీ సైట్లు వెతకండి. పాత రేడియో పత్రికల స్కాన్లు అక్కడ ఉచితంగానే చాలా ఉన్నాయి.

మీ ఉత్తరానికి ఇక్కడ జవాబివ్వడానికి కారణం మాత్రం ధర కాదు, ఆ తరవాతి వాక్యం. సరదా ఖర్చును అప్పుగా మార్చే ఈ పొరపాటు చాలా ఇళ్లలో చూస్తున్నాను. డాలరు రూ.90 అనుకుంటే పాస్ రూ.54,000, కార్డు కంపెనీ 3.5 శాతం విదేశీ మారకపు రుసుము, దానిపై జీఎస్టీ వేస్తే దాదాపు రూ.56,230. చాలా కార్డుల్లో ఉన్నట్టు నెలకు 3.5 శాతం వడ్డీ, ఆ వడ్డీపై మళ్లీ జీఎస్టీ కలిపితే మొదటి నెలకే సుమారు రూ.2,300, అంటే ఆరు వ్యాసాల ఖరీదు. బాకీ ఉన్నంత కాలం అదే కార్డుపై కొన్న ఉప్పూపప్పుకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఇక గాజుల మాట దయచేసి మరిచిపోండి. ఆసుపత్రి అవసరానికి దాచుకున్న బంగారాన్ని పత్రికల కోసం తాకట్టు పెట్టడమేమిటి?

రూ.11,000 అంటే మీ ఇంటికి పదకొండు రోజుల ఖర్చు కూడా కాదు. మే నెల జీతం రాదని ముందే తెలుసు. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే లంక తోటలో కొబ్బరికాయల దింపు ఆగిపోతుందనీ తెలుసు. 2022 జూలై వరదలో లంకల పరిస్థితి మీరు కళ్లారా చూసే ఉంటారు. ఈ రెండూ ఒకే ఏడాది, నెలల తేడాతో వస్తాయి. ఆరు నెలల ఖర్చు, అంటే రూ.1,92,000 పక్కన ఉండాలి. నెలకు రూ.8,000 చొప్పున వేస్తే రెండేళ్లు పడుతుంది. దింపు డబ్బు కూడా అందులోనే వేస్తే త్వరగా చేరుకుంటారు. మొదటి లక్ష్యంగా వచ్చే ఏప్రిల్ నాటికి ఒక నెల ఖర్చు సిద్ధం చేయండి. ఈ సొమ్ముకు జీతం పడే ఖాతా, ఏటీఎం కార్డు ఉన్న ఖాతా పనికిరావు; వేరే బ్యాంకులో పెట్టండి. మిగిలిన పెట్టుబడుల గురించి ఇప్పుడు ఆలోచించనక్కరలేదు.

ఈలోగా వ్యాసాలకు నెలకు రూ.400 కేటాయించుకోండి, డెబిట్ కార్డుతో విడిగా ఒక్కొక్కటే కొనండి. ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. లేకపోతే కుటుంబానికంతటికీ కలిపి ఒకే బీమా మొత్తం ఉండే ఫ్లోటర్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ కూడా లేదు. దరఖాస్తులో బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాయండి.