మొరాకోలోని మర్రకేష్‌లో ఓ షాపువాళ్లు నూరేళ్ల నాటి బెర్బర్ గుర్రపు జీను అంటున్నారు, నమ్మొచ్చా?

మీరు ఫొటోలో పెట్టిన జరీ కవరు బాగుంది. కానీ కవరు చూసి డబ్బులివ్వకండి. నేను కాసాబ్లాంకాలో ఉద్యోగం చేసే రోజుల్లో సరిగ్గా ఇలాంటి జీనుతోనే చేతులు కాల్చుకున్నాను.

ఈ జీనుకు ప్రాణం లోపలి చెక్క చట్రం. ముందూ వెనకా ఎత్తుగా లేస్తుంది. దాని మీద పచ్చితోలు తడిగా ఉండగానే బిగించి కుడతారు, ఎండాక రాయిలా గట్టిపడుతుంది. కింద గుర్రం వీపు ఒరుసుకోకుండా ఫెల్ట్ (ఉన్నిని అదిమి చేసిన మందపాటి బట్ట) పొరలు. పట్టు, జరీ పని ఉన్న కవరు విడిగా ఊడి వచ్చేస్తుంది. అందుకే పాత కవరును కొత్త చట్రానికి తొడిగి అమ్మడం తేలిక. నాకు అంటగట్టింది అదే. ఇంటికొచ్చి కవరు ఎత్తితే లోపల తళతళలాడే స్క్రూలు! కాబట్టి షాపులోనే కవరు ఎత్తి చూపించమనండి. ఒప్పుకోకపోతే టీ తాగేసి వచ్చేయండి, టీ మాత్రం ఎలాగూ ఇస్తారు.

పాదాలు పెట్టుకునే రికాబులు ఇంకా బాగా నిజం చెప్తాయి. (మన రికాబు అరబీ మాటే, అక్కడ ఆ మాట అంటే వెంటనే అర్థమైపోతుంది.) పాదం మొత్తం ఆనేంత వెడల్పు ఇనుప పలక, దాని మూలలతోనే గుర్రాన్ని అదిలిస్తారు. తర్వాత నేను కొన్న పాత జతలో తోలుపట్టీ దూరే కన్ను పైవైపు మాత్రమే అరిగి పల్చబడింది, లోపలి మూల మొద్దుబారింది. అరుగుదల అలా ఒకచోటే ఉండాలి. అంతటా ఒకేలా తుప్పుంటే నాకైతే అనుమానమే.

ఇంకోటి, 'బెర్బర్' అన్నది ఉత్తర ఆఫ్రికా మూలవాసులకు బయటివాళ్లు పెట్టిన పేరు. ఆ మూలవాసులు తమను అమాజిగ్‌లు అని చెప్పుకుంటారు. ఈ జరీ జీనులు ఫెజ్, మర్రకేష్ లాంటి ఊళ్లలో పనివాళ్లు చేసేవి, అరబ్బులూ అమాజిగ్‌లూ ఇద్దరూ వాడారు. తుపాకులు పేలుస్తూ వరసగా గుర్రాలను దౌడు తీయించే తబూరిదా కోసం ఇప్పటికీ చేస్తున్నారు. 2021లో ఈ తబూరిదా యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. కొత్తదని చెప్పి అమ్మే మంచి చేతిపని జీను దొరికితే నేనైతే దాన్నే కొంటాను.

పాతదే కావాలంటే చెక్కలో సన్నటి చిల్లులు, వాటి కింద పొడి ఉందేమో చూడండి. పురుగు మీ ఇంటి తలుపులకీ పడుతుంది. గుర్రం మీద మాత్రం వేయకండి, ఎండిన తోలుపట్టీ దౌడులో తెగితే మీరు కింద ఉంటారు.