ఉంగరపు వేలు పొడవైతే తల్లి కడుపులో ఉన్నప్పుడు టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) ఎక్కువ అందినట్టేనా?

ఒక్క మనిషి చెయ్యి చూసి అలా తేల్చలేం. సగటున మగవాళ్లలో చూపుడు వేలికంటే ఉంగరపు వేలు కాస్త పొడవు, ఆడవాళ్లలో రెండూ దాదాపు సమానం. కానీ తేడా చాలా చిన్నది. విశాఖ ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లం పట్టుకున్న పది చేతులు చూడండి, ఏది ఎవరిదో చెప్పలేరు.

ఎలుకల్లో మాత్రం కారణం దొరికింది. పిండదశలో నాలుగో వేలికి, అంటే ఉంగరపు వేలి స్థానంలో ఉన్నదానికి, ఆండ్రోజెన్ (టెస్టోస్టెరాన్ లాంటి మగ హార్మోన్లు) సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు ఎక్కువని 2011లో జెంగ్, కోన్ అనే పరిశోధకులు చూపించారు. వాటిని ఆపేస్తే అక్కడి మృదులాస్థి కణాలు తక్కువగా విభజన చెంది ఎముక పొట్టిగా మిగిలింది. ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్ గ్రాహకాలను ఆపితే పొడవు పెరిగింది.

మనుషుల మీద ఇలాంటి ప్రయోగం చెయ్యలేం కదా! పైగా వేలి పొడవులో వంశపారంపర్యం వాటా కూడా పెద్దదే. స్కేలు పెట్టి చూశా, నాదీ మా అమ్మదీ ఒకే కొలత.