ముక్కు చుక్కలు మానడానికి ఒక పద్ధతి ఉంది, నాన్నా

చిరంజీవి అబ్బాయికి,

పెద్దమ్మ దీవించి రాస్తున్నది. నిన్న కోడలు ఫోన్ చేసింది. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి నీకు రాత్రిళ్లు ముక్కు మూసుకుపోతోందట, నిద్రలో లేచి నోరు తెరుచుకుని కూర్చుంటున్నావట. దిండు పక్కన ముక్కు చుక్కల సీసా లేకపోతే మంచం కూడా ఎక్కడం లేదని చెప్పింది. ఆ మాట వినగానే నాకు టెన్షన్ పట్టుకుంది. ఈఎన్‌టీ వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఆ సీసా జేబులో వేసుకుని వచ్చిన వాళ్లను ఎంతోమందిని చూశాను. ఫోన్లో చెబితే సగం వింటావు. అందుకే రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ముందు ఆ సీసా సంగతి. దాని మీద జైలోమెటాజోలిన్ అనో ఆక్సీమెటాజోలిన్ అనో రాసి ఉంటుంది, చూడు. ముక్కు మూసుకుపోవాలంటే లోపల చీమిడి ఉండక్కర్లేదు. లోపలి పొరలోని రక్తనాళాలు ఉబ్బితే చాలు, గాలి వెళ్లే దారి ఇరుకైపోతుంది. ఈ చుక్కలు ఆ నాళాలను బిగిస్తాయి కాబట్టి కాసేపట్లోనే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. కానీ మందు పట్టు సడలగానే అవి మళ్లీ ఉబ్బుతాయి. రోజూ వాడేవాళ్లకు మునుపటి కంటే ఎక్కువ ఉబ్బుతాయి. అందుకే జలుబు చేసినప్పుడు 3 రోజులు, మహా అయితే 5 రోజులు వాడి ఆపేయాలి. వారాల తరబడి వేసుకుంటూ పోతే ముక్కు దిబ్బడకు ఆ మందే కారణమవుతుంది. నీకు మొదట పట్టుకున్నది జలుబో ఎలర్జీయో కావచ్చు, ఇప్పుడు నిన్ను నిద్రలేపుతున్నది మాత్రం చాలావరకు ఆ చుక్కలేనని నా నమ్మకం. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే మందు కదా, ఏమవుతుందిలే అనుకుంటారు అందరూ. మీ నాన్నకు బీపీ ఉంది, ఇది రక్తనాళాలను బిగించే మందు కాబట్టి ఆయన చేత మాత్రం ఆ సీసా ముట్టించకు.

రెండు పక్కలా ఒకేసారి మానేస్తే మొదటి రాత్రే ఓడిపోతావు. ముందు ఒక ముక్కు రంధ్రంలో మానేయి, రెండో దాంట్లో వేసుకో. మానేసిన పక్క తెరిపినిచ్చాక రెండోది కూడా ఆపేయి. మొదటి కొన్ని రాత్రులు కష్టంగానే ఉంటుంది, తట్టుకోవాలి. ఈలోపు ఈఎన్‌టీ డాక్టర్‌ని కలువు. ఫ్లూటికాసోన్ లాంటి స్టిరాయిడ్ ముక్కు స్ప్రే రాయవచ్చు. స్టిరాయిడ్ అనగానే బెదిరిపోకు. ఒక్కో కొట్టుకు పడేది మైక్రోగ్రాముల్లో మందు, పనిచేసేది దాదాపుగా ముక్కులోనే. అయితే అది చుక్కల్లాగా నిమిషాల్లో తెరవదు. పూర్తి గుణం కనబడడానికి రెండు వారాలు పట్టవచ్చు, రోజూ క్రమం తప్పకుండా కొట్టుకోవాలి. మూడు రోజులు వాడి పనిచేయలేదని పారేసిన వాళ్లే నాకు ఎక్కువ తగిలారు.

కొట్టుకునే తీరు కూడా నేర్చుకో. తల వెనక్కి వాల్చకు, కొంచెం ముందుకు వంచు. ఎడమ రంధ్రానికి కుడి చేత్తో, కుడి రంధ్రానికి ఎడమ చేత్తో పట్టుకుంటే స్ప్రే మూతి దానంతటదే చెవి వైపుకు తిరుగుతుంది. మధ్య దూలం మీద పడితే పుండై రక్తం వస్తుంది. కొట్టాక గట్టిగా ఎగబీల్చకు, మందంతా గొంతులోకి జారిపోతుంది.

స్ప్రేకు ముందు ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కుంటే దుమ్మూ, పుప్పొడీ, చిక్కటి చీమిడీ పోయి మందు పొరకు తగులుతుంది. పావు లీటరు నీళ్లకు అర టీ చెంచా ఉప్పు, చిటికెడు వంట సోడా చాలు. అయొడిన్ కలవని ఉప్పు మంచిది, కొలత కలిపిన పొట్లాలు మందుల షాపులో కూడా దొరుకుతాయి. నీళ్ల విషయంలో మాత్రం నా మాట జవదాటకు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు అలాగే వాడకూడదు. తెర్ల కాగనిచ్చి, ఒక నిమిషమైనా అలాగే మరగనిచ్చి, గోరువెచ్చగా చల్లారాక వాడు. కేరళలో 2024లో చెరువు నీళ్లలో, ఏటి నీళ్లలో స్నానం చేసిన పిల్లలు మెదడును తినే అమీబా వల్ల చనిపోయిన వార్తలు చదివే ఉంటావు. అది ముక్కు దారినే మెదడుకు ఎక్కుతుంది. తాగితే ఏమీ చేయని నీళ్లు కూడా ముక్కులోకి వెళితే ప్రమాదం కావచ్చు. ముక్కు కడుక్కునే కొమ్ము చెంబును (నేతి పాట్), సీసాను వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి.

పడుకున్నాకే ఎందుకు ఎక్కువవుతుందని కోడలు అడిగింది. నిటారుగా ఉన్నప్పటి కంటే పడుకున్నప్పుడు తలవైపు రక్తం చేరి ముక్కు పొర ఉబ్బుతుంది. పక్కకు తిరిగి పడుకుంటే కింది వైపు రంధ్రం మూసుకుని పై వైపుది తెరుచుకోవడం మామూలే. మామూలు ముక్కులో కూడా కొన్ని గంటలకోసారి ఒక పక్క బిగిసి ఇంకో పక్క వదులవుతూ ఉంటుంది, దానికి కంగారు పడకు. తల వైపు మంచం కోళ్ల కింద ఏదైనా పెట్టి కొంచెం ఎత్తు చేసుకో.

ఇక మీ పడకగది. నేను వచ్చినప్పుడు చూశాను, ఆ దూది పరుపూ దిండ్లూ మీ పెళ్లినాటివి. కంటికి కనబడని దుమ్ము పురుగులు మన ఒంటి మీద రాలే చర్మపు పొట్టు తిని పరుపుల్లోనే బతుకుతాయి. ఎలర్జీ ఉన్నవాళ్లకు వాటి రెట్టలే పడవు. దిండ్లు మార్చేయి. దుప్పట్లు, గలేబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికించు. పరుపుకు జిప్పున్న కవరు వేయి. ఏసీ ఫిల్టరు కడుగు. దోమల చుట్ట, సాంబ్రాణి, అగరుబత్తి ఆ గదిలో వద్దు, దోమతెర కట్టుకోండి. మీ వెనక ఖాళీ ప్లాటులో వయ్యారిభామ విరగబూసి ఉంది. అది పూతలో ఉన్నన్నాళ్లు ఆ వైపు కిటికీ మూసి ఉంచండి. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ లేకుండా దాన్ని నువ్వు పీకబోకు.

అమృతాంజనం వద్దనను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టినప్పటి నుంచి మన ఇళ్లలో ఉన్నదే. పొద్దుపోయాక రాసుకుంటే హాయిగా ఉంటుంది. కానీ అందులోని మెంథాల్ ముక్కు దారిని పెద్దది చేయదు. చల్లదనం తగిలి గాలి బాగా వెళ్తున్నట్టు అనిపిస్తుంది, అంతే. దాన్ని మందు అనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడం వాయిదా వేయకు.

కోడలు ఇంకో మాట చెప్పింది. నువ్వు గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఊపిరి ఆపి, తర్వాత ఉలిక్కిపడి గాలి పీల్చుకుంటున్నావట. దాన్ని తేలిగ్గా తీసుకోకు. పొద్దున్నే తలనొప్పి, నోరు ఎండిపోవడం, ఆఫీసులో కునుకు కూడా ఉంటే అది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు కావచ్చు. ముక్కు తెరుచుకున్నంత మాత్రాన అది పోదు. కోడలితో ఒక రాత్రి ఫోన్లో వీడియో తీయించి డాక్టర్‌కి చూపించు, స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి తీరు చూసే పరీక్ష, చేయించమని అడుగు. అది తేలేదాకా రాత్రిపూట బండి నడపకు, మద్యం తాగకు, ఎవరు చెప్పినా నిద్రమాత్ర వేసుకోకు.

తెల్లవారుజామున పిల్లికూతలు, దగ్గు ఉంటే ఉబ్బసం పరీక్ష కూడా చేయించు. ఎప్పుడూ ఒకే పక్క మూసుకుపోయి రక్తం పడుతుంటే వారం కూడా ఆగకు. పడుకుంటే ఆయాసం వచ్చి, లేచి కూర్చుంటే తగ్గుతూ, కాళ్లు వాచాయంటే అది ముక్కు జబ్బు కాదు, గుండె సంగతి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చంటిదానికి జలుబు చేసిందని కోడలు కర్పూరం నూరి నూనెలో కలిపి ఛాతీకి రాస్తోందట. ఈ ఉత్తరం చదవగానే అది మాన్పించు. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం ఒంట్లోకి వెళితే ఫిట్స్ రావచ్చు. ముక్కులో రెండు చుక్కలు సెలైన్ (పిల్లల ముక్కుకు వేసే ఉప్పు నీళ్లు) వేసి మెత్తగా తుడిస్తే చాలు. మరుగుతున్న గిన్నె పెట్టి ఆవిరి పట్టవద్దని కూడా చెప్పు, ఒలికిపోయి ఒళ్లు కాలిన పసిపిల్లలను మా ఆసుపత్రిలో చూశాను. పాలు సరిగా తాగకపోయినా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా రాత్రయినా సరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ